సగానికి ఇగిరిన నీళ్లు

మద్రాసు
9 జూన్ 1946, ఆదివారం

ప్రియమైన అక్క హన్నమ్మకు,

నిన్న శనివారం మధ్యాహ్నం మూడున్నరకు మన పాలెం బావి నీళ్ల సంగతి తేలింది. పది లక్షల పాళ్ల నీళ్లలో ఫ్లోరైడు అయిదు పాళ్లు ఉంది. ఇది కంటికీ నాలుకకూ తెలియని ఒక ఉప్పు. ఒక పాలు దాటితే పిల్లల పళ్లు గారకడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు చెడతాయి. ఇక నిర్మలకు ఆ నీళ్లు ఇవ్వవద్దు.

ఉస్మాన్ రైల్లో వేసిన సీసా చుక్క కారకుండా చేరింది. మాచర్ల స్టేషన్లో పార్శిళ్లు చూసే ఆ మనిషికి ఉన్న జాగ్రత్త మా లాబరేటరీలో ఇద్దరికి లేదు. అతనికి నా సలాం చెప్పు.

నీళ్లను ఎలా పరీక్షించామో రాస్తాను, బడిలో చెప్పడానికి పనికొస్తుంది. గాజు గొట్టంలో ఒక ఎర్ర రంగు నీరు పోస్తాం. ఫ్లోరైడు కలిస్తే ఆ ఎరుపు వెలిసి పసుపులోకి దిగుతుంది. ఎంత వెలిసిందో, ముందే కొలిచి పెట్టుకున్న గొట్టాలతో పోల్చి చూస్తాం. అంతే. ఇందులో పెద్ద విద్య లేదు.

దీన్ని పట్టుకున్నది నేను కాదు. నిర్మల మోకాళ్లు లోపలికి వంగుతున్నాయనీ, పదేళ్ల పిల్ల బడి మెట్లు గోడ పట్టుకుని ఎక్కుతోందనీ ఏప్రిల్లో నువ్వు రాసిన ఉత్తరం మా మెస్సులో ఉండే డాక్టరుకు చదివి వినిపించాను. "పళ్లు ఎలా ఉంటాయి?" అన్నాడు. "మా పాలెంలో అందరికీ గారపళ్లే, ఇదిగో" అని నోరు తెరిచాను. నన్ను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూశాడు. మూడేళ్లుగా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తున్నాం. ఈ జబ్బును తొమ్మిదేళ్ల కిందటే నెల్లూరు జిల్లాలో కనిపెట్టి వైద్యుల పత్రికలో వేశారట. ఆ సంచిక మా కాలేజీకి మైలు దూరంలో ఒక అలమారలో ఉంది. మన జిల్లా పక్క జిల్లాయే. అక్కడి నుంచి మద్రాసు దాకా వచ్చిన సంగతి మాచర్ల దాకా రాలేదు.

ఇంకొకటి చెప్పాలి. నాలుగేళ్లుగా నేను పరీక్షిస్తున్న రాయిలో దాదాపు సగం బరువు ఈ ఫ్లోరైడుదే. ఆ రాయిని చీకట్లో వేడి చేస్తే వెలుగుతుంది. ఎందుకు వెలుగుతుందన్నదే నా పరిశోధన. "దానివల్ల ఏం ఉపయోగం?" అని నువ్వు ఒకసారి రాస్తే, "తెలుసుకోవడమే ఉపయోగం" అని కొంచెం గర్వంగానే జవాబిచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ రాతిలో వెతుకుతున్నది నా నోట్లోనే ఉందని నాకు తెలియలేదు.

ఒక లెక్క సరిపోవడం లేదు. పాలెమంతా ఒకే బావి నీళ్లు తాగుతోంది. పళ్లు అందరికీ చెడ్డాయి. మోకాళ్లు నిర్మలకే ఎందుకు వంగాయి? అయిదు పాళ్లకు పదేళ్ల వయసులో ఇంత జరగడం అరుదు అంటున్నాడు డాక్టరు. సరిపోని లెక్కను వదలకూడదని మా వృత్తిలో మొట్టమొదట నేర్పుతారు. అందుకని ఇంకో సీసా పంపు. ఈసారి బావిలోవి కాదు, ఇంట్లో నిర్మల తాగే కుండలో నీళ్లు.

నీ తమ్ముడు
యేసుపాదం

*

పాలెం, మాచర్ల
23 జూన్ 1946

ప్రియమైన తమ్ముడు యేసుపాదానికి అక్క హన్నమ్మ దీవెనలు.

నీ ఉత్తరం ఆదివారం ప్రార్థన అయ్యాక చదివాను. మద్రాసు ఉత్తరం అంటే పాలెంలో అందరిదీ కదా, నీకు తెలిసిందే. చదివి పొరపాటు చేశానేమో. బాలశౌరి పెదనాన్న అరుగు మీద నుంచి దిగి వచ్చాడు. "ఏందమ్మా నీ తమ్ముడు చెప్పేది? ఆ బావి తవ్వింది మా తాత. ఆ నీళ్లు తాగి తొంబయ్యేళ్లు బతికాడు. ఈ మాట బజారుకి పొక్కితే మన పొలాలు ఎవరు కొంటారు, మన పిల్లల్ని ఎవరు చేసుకుంటారు?" అన్నాడు. పాపమ్మత్త మాత్రం నవ్వింది. "నా పళ్లూడి పదేళ్లాయె. ఇంక నాకేం గార పడుద్దే హన్నీ" అని బోసినోరు తెరిచి అందరికీ చూపించింది.

నిర్మల సంగతి నువ్వు బెంగ పెట్టుకోవద్దు. అది పచ్చినీళ్లు ముట్టలేదు. 1938లో మీ బావ కలరాతో పోయినప్పుడు నువ్వు రాసిన కార్డు నా దగ్గరే ఉంది. "పాపకు నీళ్లు బాగా కాచి ఇవ్వు. ఒక్కరోజు కూడా అశ్రద్ధ చేయవద్దు." అప్పుడు దానికి రెండేళ్లు. ఆనాటి నుంచి ఒక్కరోజు తప్పలేదు. అమ్మ మనకు కషాయం ఎలా కాచేదో అలాగే, బిందెడు పొయ్యి మీద పెట్టి అరబిందె మిగిలేదాకా కాస్తాను. కందికట్టె, మిరపకట్టె అంతా దీనికే పోతుంది. అందుకే నేను పచ్చివే తాగుతాను, దానికి కాచినవి ఇస్తాను. కలరా రోజుల్లో పాలెంలో మిగతా వాళ్లు కూడా ఒక పొంగు కాచుకుంటారు. నువ్వు చెప్పావనే.

నీ ఉత్తరం చూశాక సగం చాలదేమో అనిపించింది. సోమవారం నుంచి పావు బిందె మిగిలేదాకా కాస్తున్నాను. పంపే సీసాలో నీళ్లు మాత్రం అంతకుముందువి, సగానికి ఇగిరినవి. ఈ ఉత్తరం కూడా దానితోనే కట్టిస్తున్నాను. ఉస్మాన్ గడ్డి చుట్టి ఇస్తానన్నాడు. పార్శిళ్లు ఇప్పుడు ఆలస్యమవుతున్నాయట.

మంచినీళ్లు దొరికేది ఊరి అవతల హనుమయ్య శెట్టి గారి తోటబావిలోనే. అడిగి చూస్తాను. కృష్ణ పది మైళ్ల పైన.

నిర్మల నీకు ఒక ప్రశ్న రాయమంది: "మామయ్యా, ఆ రాయి ఏ రంగులో వెలుగుతుంది?"

నీ అక్క
హన్నమ్మ

*

మద్రాసు
10 జూలై 1946, బుధవారం

అక్కా,

కాచడం ఆపు. ఈ సంగతి ఇవాళ మధ్యాహ్నమే తంతి ఇచ్చాను. కారణం ఇందులో రాస్తున్నాను.

పార్శిలు నిన్న చేరింది. ఉత్తరం పక్కన పెట్టి ముందు సీసా తీశాను. చూసేటప్పుడు మనసులో ఏ ఊహా ఉండకూడదని అలా చేస్తాం. పది పాళ్లు తేలింది. రంగు నీరు మార్చి మళ్లీ చూశాను. పదే. బావికి రెట్టింపు. ఏ కుండలో పెడితే నీళ్లు ఇలా మారతాయి అని అరగంట ఆలోచించాను. తరువాత నీ ఉత్తరం విప్పాను.

నీళ్లు మరిగితే ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పు ఆవిరి కాదు, అడుగునే ఉంటుంది. సముద్రపు నీళ్లు మళ్లలో ఎండితే ఉప్పు తేలేది ఇందువల్లే. బిందెలో ఉన్న ఫ్లోరైడు మొత్తం అరబిందెలో మిగిలింది. పావు బిందె మిగిలేదాకా కాస్తే ఇరవై పాళ్లు అవుతుంది.

కలరాకు కాచడం మంచిదే. కలరా పురుగు వేడికి చస్తుంది. దానికి ఒక్క పొంగు చాలు. మూత పెట్టి, తెర్లగానే దించాలి. ఇగరనివ్వకూడదు. ఈ ఉప్పు మాత్రం ఎంత కాచినా పోదు. రెండూ వేరువేరు సంగతులు. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదువు.

వానలు పడితే బడి పెంకుల మీది నీళ్లు పట్టు. మొదటి వాన వదిలేసి రెండో వాన నుంచి పట్టాలి.

నిర్మలకు: ఆ రాయి ముందు ఆకుపచ్చగా, తరువాత నీలంగా వెలుగుతుంది. ఒక్కసారే. అదే రాయిని మళ్లీ వేడి చేస్తే వెలగదు.

రేపటి నుంచి పోస్టల్ వాళ్లు సమ్మె చేస్తారంటున్నారు. ఈ ఉత్తరం ఈలోగా బయలుదేరుతుందనుకుంటాను.

యేసుపాదం

*

పాలెం
14 జూలై 1946

తమ్ముడూ,

పోస్టాఫీసు మూసి ఉంది. అయినా ఇది డబ్బాలో వేస్తాను, ఎప్పుడు తెరిస్తే అప్పుడు వస్తుంది.

నీ తంతి బుధవారం సాయంత్రమే వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే ఉస్మాన్ తెచ్చి చదివి తెలుగులో చెప్పాడు: "నీళ్లు కాచడం ఆపు, ఉత్తరం వస్తుంది." మూడుసార్లు చదివించాను. "నీకు సరిగా చదవడం వచ్చా ఉస్మానూ?" అంటే, "పన్నెండేళ్లుగా తంతులు చదువుతుండా అక్కా, ఒక్కడు కూడా ఇట్టా అడగలా" అన్నాడు. ఉత్తరం రాలేదు. ఇక్కడ మాచర్ల బజారులో శుక్రవారం కలరా మొదలైంది. రెండు ఇళ్లలో పోయారు. మీ బావ పోయినప్పుడు కాచమన్నది నువ్వే. నాలుగు ముక్కల తంతి చూసి ఎనిమిదేళ్ల అలవాటు కొట్టేసుకోలేకపోయాను. ఉత్తరం వచ్చేదాకా కాస్తూనే ఉంటాను. నిర్మలకు పావు బిందె నీళ్లే ఇస్తున్నాను. ఆ రుచి బాగాలేదంటోంది, బెల్లం ముక్క చేతిలో పెట్టి తాగిస్తున్నాను.

హనుమయ్య శెట్టి గారి దగ్గరకు వెళ్లాను. పత్తి బేళ్ల దగ్గర నిలబడి లెక్క చూసుకుంటున్నారు. రోజుకు ఒక్క బిందె ఇప్పించమని అడిగాను.

"మీ బావికేమైంది పంతులమ్మా?"

నీ ఉత్తరంలో ఉన్నది చెప్పాను.

"ఇంతకీ అది అంటుకునే జబ్బా?"

"కాదండీ. నీళ్లల్లో ఉండే ఉప్పు. మనిషి నుంచి మనిషికి రాదు."

"నీకు తెలిసిందా, మీ వాడికి తెలిసిందా?"

"మా తమ్ముడే పరీక్ష చేశాడండీ, మద్రాసులో."

"మీ బిందె మా బావి గట్టున పెడితే మా నీళ్లకు పట్టదని మద్రాసు నుంచి కాయితం రాసిస్తాడా? ప్రభుత్వ ముద్ర వేసి?"

ఆయన మంచిగానే మాట్లాడారు, కుర్చీ కూడా చూపించారు, దూరంగా. ఇన్నాళ్లూ ఆయన పత్తి చేలోకి కూలికి వెళ్లేవాళ్లకు తోటమాలి దోసిట్లో నీళ్లు పోసేవాడు. మర్నాటి నుంచి అవి కూడా ఆపారు. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోమన్నారు. బాలశౌరి పెదనాన్న మా గుమ్మం ముందు నిలబడి, "నువ్వు నోరు మూసుకునుంటే ఆ దోసెడన్నా దక్కేవి గదమ్మా" అని వెళ్లాడు. నీ కాగితం చూస్తే శెట్టి గారి మనసు మారుతుందేమో, ఒకటి రాసి పంపు.

హన్నమ్మ

*

మద్రాసు
14 ఆగస్టు 1946

అక్కా,

సమ్మె అయిపోయింది. జూలై 14న నువ్వు వేసిన ఉత్తరం నిన్న నా చేతికి వచ్చింది. జూలై 10న నేను వేసింది నీకు ఈపాటికి చేరి ఉంటుంది. నెల రోజులూ తంతి అందింది, అంతా సర్దుకుంది అనుకుంటూ హాయిగా ఉన్నాను.

ఆ నెల రోజుల వల్ల కొత్తగా జరిగింది తక్కువ అంటున్నాడు డాక్టరు. జరగవలసింది ఎనిమిదేళ్లలో జరిగింది. ఇది ఊరటగా తీసుకోవద్దు, లెక్కగా తీసుకో.

నీ తప్పు లేదు. 1938లో నేను కార్డు మీద ఒక ఆజ్ఞ రాశాను. ఎందుకు కాచాలో రాయలేదు. ఎంతసేపు కాచాలో రాయలేదు. ఆడవాళ్లకు అన్ని వివరాలు ఎందుకనుకున్నానేమో, కార్డులో చోటు లేదనుకున్నానేమో, ఇప్పుడు గుర్తు లేదు. కారణం తెలియని మనిషి తనకు తెలిసిన కొలతనే వాడుకుంటుంది. మన ఇంట్లో కాచడమంటే కషాయం కొలతే. 1943లో నేను వచ్చినప్పుడు నువ్వు కాచిన నీళ్లు చెంబుతో ఇచ్చావు. నా మాట నిలబెట్టావని సంతోషించాను. ఒక్కసారి పొయ్యి దగ్గరకు వచ్చి చూసి ఉంటే తెలిసేది. ఒక రాయి ఎందుకు వెలుగుతుందని నాలుగేళ్లు అడిగినవాణ్ణి, మా అక్క నీళ్లు ఎలా కాస్తుందని అడగలేదు. కుతూహలం గొప్పదని విద్యార్థులకు చెబుతుంటాను. అది మనం చూపించిన వైపే చూస్తుంది. నేను దాన్ని మన వంటింటి వైపు ఎన్నడూ తిప్పలేదు.

రాయి మీద నేను రాసిన వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నారని పోయిన శుక్రవారం తెలిసింది. ఆగస్టు 6న, అణుబాంబు పడి ఏడాది అయిందని, కాలేజీలో నా చేత ఉపన్యాసం ఇప్పించారు. హాలు నిండింది. "మన దేశం ఎప్పటికి చేస్తుంది సార్?" అని ఒకడు అడిగాడు. జవాబుకు బదులు పాలెం బావి గురించి పది నిమిషాలు మాట్లాడాను. వెనక వరసల వాళ్లు లేచి వెళ్లిపోయారు. విజ్ఞానం అంటే ఊళ్లను లేపేసేంత పెద్ద సంగతి అని వాళ్లకు ఈ ఏడాదిలోనే నాటుకుంది. ఒక బిందె నీళ్లు అంటే వాళ్లకు వినబుద్ధి కావడం లేదు.

శెట్టి గారికి కాగితం పంపుతున్నాను, ఇంగ్లీషులో, కాలేజీ ముద్రతో. పనిచేస్తుందని నమ్మకం లేదు. ఆయన భయపడేది ఫ్లోరైడుకు కాదని నీకూ తెలుసు.

వంగిన ఎముక తిరిగి నిటారు కాదట. నీళ్లు మారిస్తే ఇంకా వంగకుండా ఆగవచ్చు. అంతవరకే.

యేసుపాదం

*

పాలెం
25 ఆగస్టు 1946

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. రెండుసార్లు చదవమన్న పేరా రెండుసార్లు చదివాను. తరువాత బిందె బోర్లించాను.

పాపమ్మత్త మనవడు, కలరా రోజుల్లో తప్ప పచ్చినీళ్లే తాగి పెరిగినవాడు, నిర్మల ఈడువాడే. నిన్న బడి ముందు వేపకొమ్మ ఎక్కి కూర్చున్నాడు. నేను అరుగు మీద కూర్చుని వాడి మోకాళ్లు చూశాను. అంతకన్నా రాయలేను.

వాన నీళ్లు బడి పెంకుల కింద రెండు బానలు పట్టాను. నిర్మలకు అవే ఇస్తున్నాను. మిగతా ఇళ్లన్నీ తాటాకువి, ఆ నీళ్లు కల్లులా మురికిగా దిగుతాయి.

నీ ఉత్తరం ఈసారి చదివి వినిపించలేదు. అయినా అందరికీ తెలిసింది. నేను బిందె బోర్లించడం చూశారు. "చదువుకున్నోళ్లింట్లో పిల్లకే వంకర వచ్చింది, కాచినందుకే వచ్చిందంట" అని పాలెమంతా కాచడం మానేశారు. మూత పెట్టి ఒక్క పొంగు రానివ్వాలని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. బాలశౌరి పెదనాన్న ఏమన్నాడో రాస్తాను. "మొన్నటిదాకా కాయమన్నారు. నిన్న ఆపమన్నారు. ఇయ్యాల మూతేసి కాయమంటన్నారు. రేపు దేంట్లో కాయమంటారో అది కూడా కనుక్కోని రామ్మా, అన్నీ కలిపి ఒకసారే చేద్దాం." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి వచ్చేశాను.

శెట్టి గారు నీ కాగితం తీసుకున్నారు. ఇంగ్లీషు చదివించుకున్నారు. గుమాస్తా చేత గోడకు మేకు కొట్టించి తగిలించారు. మద్రాసు కాలేజీ నుంచి తనకు ఉత్తరం వచ్చిందని వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు. నీళ్ల మాట ఎత్తలేదు.

హన్నమ్మ

*

పాలెం
15 సెప్టెంబరు 1946

తమ్ముడూ,

పాపమ్మత్త బుధవారం పొద్దున పోయింది. కలరా. ముందు రోజు మధ్యాహ్నం పట్టుకుంది. పడమటి ఇంటి బాలింత కూడా అదే రోజు పోయింది. ఇద్దరూ ఆగస్టు దాకా కాచుకున్నవాళ్లే.

పాపమ్మత్తకు మూత పెట్టి కాచిన నీళ్లు గరిటెతో పోశాను. "ఇవి ఏ నీళ్లే? తంతి నీళ్లా, ఉత్తరం నీళ్లా?" అంది. అవే ఆఖరి మాటలు అనుకోవద్దు. తరువాత ఇంకా చాలా అంది, కోడల్ని తిట్టింది, గొర్రెను ఎవరికి ఇవ్వాలో చెప్పింది.

నువ్వు ఉత్తరంలో తప్పు ఎవరిదని రాయవద్దు. ఎవరిదో నాకు అక్కరలేదు. నీళ్లు కావాలి.

హన్నమ్మ

*

మద్రాసు
20 అక్టోబరు 1946

అక్కా,

నువ్వు చెప్పినట్టే తప్పుల మాట రాయను. చేసినవి రాస్తాను.

పాలెంకు మంచినీటి బావి తవ్వించాలని జిల్లా బోర్డుకు, గురజాల తాలూకా ఆఫీసుకు అర్జీలు పంపాను. రెండు సీసాల లెక్కలు జతచేశాను. బాలశౌరి పెదనాన్న చేత కూడా ఒక అర్జీ పెట్టించు. పాలెం పెద్ద సంతకం లేకపోతే చూడరట.

నరసరావుపేట వైపు ఆడపిల్లల బోర్డింగులకు రాశాను. అక్కడి నీళ్లు తెప్పించి చూశాను, ఒక పాలు కన్నా తక్కువే. నిర్మలను చేర్చుకుంటారేమో నువ్వు స్వయంగా వెళ్లి అడుగు. మద్రాసు తీసుకువద్దామంటే నేనుండేది మగవాళ్ల మెస్సు. ఇల్లు వెతుకుతున్నాను. యుద్ధం తరువాత ఇక్కడ ఇల్లు దొరకడం లేదు. ఇంటిపేరు, మతం అడిగి తలుపు వేసేవాళ్లు కూడా ఉన్నారు. ఈ ఊళ్లో నన్ను ప్రొఫెసరు గారూ అనేది కాలేజీ గేటు లోపలే.

చివరిది రాయడం కష్టంగా ఉంది. డాక్టరు నిర్మలను చూడాలంటున్నాడు. ఒకే బావి, ఒకే తిండి, ఒకే వీధి. ఒక పిల్ల మాత్రం ఎనిమిదేళ్లు రెట్టింపు ఫ్లోరైడు తాగింది. పాలు పెరిగితే ఎముకకు ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపించే కేసు ఎక్కడా లేదట. ఎవరూ కావాలని చేయలేని ప్రయోగం, చాలా విలువైనది అన్నాడు. విలువైనది అన్న మాటకు భోజనం మధ్యలో లేచి వచ్చేశాను. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు నాకు అర్థమైంది. నేను రాయిని చూసినప్పుడు నా ముఖం కూడా అలాగే ఉంటుంది. అతను చెడ్డవాడు కాడు. అతనికి ప్రశ్న దొరికింది.

కాళ్లు ఫోటో తీసి, పళ్లు చూసి వెళతాడు. పత్రికలో వేస్తాడు. అచ్చయితే బోర్డు వాళ్లు కదులుతారని అతని నమ్మకం. తొమ్మిదేళ్ల కిందట అచ్చయినదానికి ఎవరూ కదలలేదని నేను అన్నాను. "అయితే ఏం చేద్దాం, వేయకుండా ఉందామా?" అన్నాడు. తెలుసుకోవడమే ఉపయోగం అని ఒకప్పుడు నీకు రాశాను. ఇప్పుడు అనిపిస్తున్నది వేరు. తెలుసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. దాన్ని ఉపయోగం అనుకోవడం మన అలవాటు.

నువ్వు వద్దంటే రాడు. నిర్మలను కూడా అడుగు.

యేసుపాదం

*

పాలెం
1 డిసెంబరు 1946, ఆదివారం

తమ్ముడూ,

ఆలస్యంగా రాస్తున్నాను. అన్ని చోట్లకూ వెళ్లి వచ్చాక రాద్దామని ఆగాను.

బోర్డింగుకు నిర్మలను తీసుకుని వెళ్లాను. స్టేషన్ నుంచి రిక్షా. బోర్డింగు చూసే అమ్మగారు దాని చేత చదివించారు. బాగా చదివింది. ఎక్కాలు అడిగారు, చెప్పింది. తరువాత ఆవరణలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నారు. నడిచింది. "ఇక్కడ పెద్దపిల్లలంతా పొద్దునా సాయంత్రం బావి నుంచి బిందెలు మోయాలమ్మా. అది రూలు. ఒకరికి తీసేస్తే మిగతావాళ్లు ఊరుకోరు" అన్నారు. నేను వచ్చి మోస్తానన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. అలా కుదరదన్నారు. మాకు తాగడానికి మంచినీళ్లు ఇచ్చారు. నిర్మల రెండు గ్లాసులు తాగింది.

బాలశౌరి పెదనాన్న అర్జీ మీద వేలిముద్ర వేశాడు. పాపమ్మత్త పోయినప్పటి నుంచి నాతో ఎక్కువ మాట్లాడడు గానీ, గురజాలకు మాత్రం నాతో వచ్చాడు. ఆఫీసులో గుమాస్తా కాగితం తిప్పి చూసి, "మీరు హరిజనులా?" అని అడిగాడు.

"క్రైస్తవులం."

"అయితే హరిజన బావుల గ్రాంటు మీకు రాదు. రిజిస్టర్లో మీరు వేరే."

పెదనాన్న తలపాగా సర్దుకుని, "మేము వేరే అని ఆ తోటబావి శెట్టికి కూడా ఒక ముక్క రాసియ్యండి బాబూ, గట్టు మీదకి రానిస్తాడేమో" అన్నాడు. గుమాస్తా నవ్వాడు. మా అర్జీని మామూలు బావుల కట్టలో పెట్టాడు. వచ్చే సంవత్సరం ఫిబ్రవరి 17 సోమవారం జిల్లా బోర్డు మీటింగులో వస్తుందట. నంబరు నలభై ఒకటి. ఒక మీటింగులో పన్నెండు, పదమూడు చూస్తారని అతనే చెప్పాడు.

వాన నీళ్లు సెప్టెంబరు ఆఖరికి అయిపోయాయి. పోయిన నెలలో ఒక వాన పడితే అరబాన వచ్చింది. వారం రోజులు తాగింది. ఇప్పుడు బావి నీళ్లే, మూత పెట్టి ఒక పొంగు వచ్చినవి. అయిదు పాళ్లవి. ఇగరనివ్వడం లేదు.

డాక్టరు గారిని రమ్మను. రావాలని నాకు లేదు, వద్దనడానికి కారణం కూడా కనిపించలేదు. నిర్మలను అడిగాను. ఫోటోలో ముఖం పడుతుందా అంది. డాక్టరు గారు నాకు రాసిన ఉత్తరంలో మోకాళ్ల నుంచి కిందకి చాలని ఉంది. అదే చెప్పాను. "అయితే తల దువ్వక్కర్లేదుగా" అంది. తరువాత, "మామయ్యకు చూపిస్తారా? చూస్తే నావే అని తెలుస్తదా?" అని అడిగింది. తెలుస్తుందని చెప్పాను.

డాక్టరు గారు రాసినట్టే 11వ తేదీ బుధవారం పగటి బండికి మాచర్లలో దిగుతారు. ఉస్మాన్ జట్కా మాట్లాడి ఉంచుతాడు. మూడు గంటలకు బడి వరండాలో ఫోటోలు, అక్కడ వెలుతురు బాగుంటుందట. తరువాత పళ్లు చూస్తారు. సాయంత్రం బండికి వెళ్లిపోతారు. గురువారం తెల్లవారి మన పాలెం బావి దగ్గర నీళ్లు తోడుకోవడానికి మొదటి వంతు మాది.

నీ అక్క
హన్నమ్మ